నేల అంతస్తు ఎవరిది?

హైదరాబాదులో గానీ, విజయవాడలో గానీ, విశాఖలో గానీ ఏదైనా కాలనీ వీధిలో నడుస్తూ కంటి ఎత్తున ఏముందో చూడండి. తలెత్తితే బాల్కనీలు, ఆరేసిన చీరలు, తులసి కుండీలు ఉంటాయి. కంటి ఎత్తున మాత్రం వరసగా సిమెంటు స్తంభాలు, వాటి మధ్య కవర్లు కప్పిన కార్లు, ఒక మూల మోటారు స్విచ్‌బోర్డు, మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం కాపురం ఉండే గది. దాన్నే స్టిల్ట్ అంటున్నాం. 'స్టిల్ట్ ప్లస్ ఫైవ్ సార్, కొత్త అపార్ట్‌మెంట్' అనని బ్రోకరు మన ఊళ్లలో ఉండడు. ఆ స్టిల్ట్‌ను బిల్డరు ముచ్చటపడి వదల్లేదు. మునిసిపల్ నియమం వదిలించింది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ నియమం గురించి. మన వీధుల్లో నడక ఎందుకు చచ్చిపోయింది, ఇంటి అద్దె ఎందుకు పెరిగింది అని మనం విడివిడిగా వాపోతుంటాం. నాకు మాత్రం ఈ రెండు ప్రశ్నల దారులూ ఆ నేల అంతస్తులోనే కలుస్తున్నట్టు కనిపిస్తుంది.

నియమం సూక్ష్మంగా ఇది. అపార్ట్‌మెంట్ కట్టాలంటే, కట్టిన వైశాల్యంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 నుంచి ఇప్పటిదాకా లెక్క ఇలాగే ఉంది. ఆ ఫ్లాటులో ఉండబోయేవాళ్లకు కారు ఉందా, స్కూటరు ఉందా, బస్సుపాసు ఉందా అని నియమం అడగదు. దేశం మొత్తం మీద కారున్న కుటుంబాలు నూటికి ఎనిమిదిలోపే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నగరాల్లో ఎక్కువే ఉంటాయి, కాదనను. అయినా మన నగరాల్లో మధ్యతరగతి బండి అంటే నేటికీ రెండు చక్రాలదే. కారు లేని కుటుంబం కూడా ఫ్లాటు కొన్నప్పుడు, అద్దెకు దిగినప్పుడు ఆ స్టిల్ట్ ఖర్చులో తన వాటా మోస్తూనే ఉంటుంది. హాస్టల్లో తిన్నా తినకపోయినా మెస్ బిల్లు వేసినట్టన్నమాట.

ఆ వాటా ఎంతో ఒక ఊహాలెక్క వేద్దాం. 500 గజాల స్థలం, గజం లక్ష రూపాయలు అనుకోండి. స్థలం విలువే ఐదు కోట్లు. స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు, అంతస్తుకు రెండు చొప్పున పది ఫ్లాట్లు. అంటే ఫ్లాటు మీద పడే స్థలం ఖరీదు యాభై లక్షలు. అదే కట్టడంలో నేల అంతస్తులో కూడా రెండు ఇళ్లు వేస్తే పన్నెండవుతాయి. అప్పుడు ఒక్కొక్కరి మీద పడేది నలభై ఒకటిన్నర లక్షల పైచిలుకు. తేడా ఎనిమిది లక్షల పైన. స్టిల్ట్ స్లాబుకూ స్తంభాలకూ అయిన ఖర్చు ఇంకా కలపలేదు. ఆ తేడా అంతా కొనేవాడికి అచ్చంగా మిగులుతుందని నేను చెప్పను. అంగడి ధర అంత సూటిగా నడవదు. కానీ అదే స్థలంలో పది ఇళ్ల బదులు పన్నెండు ఇళ్లు లేస్తే, ఊరంతా అలా లేస్తే, ఇళ్ల కరువు కొంతైనా తగ్గుతుంది. అద్దె ఎంత ఉండాలన్నది ఆ కరువే కదా తేలుస్తుంది.

ఇంకో లెక్క నన్ను మరీ కలవరపెడుతుంది. ఒక కారు నిలబెట్టడానికి, అది లోపలికి వచ్చి మలుపు తిరిగే దారితో సహా, ఎంత జాగా కావాలి? ఢిల్లీ 2021 మాస్టర్ ప్లాన్‌లో ఈ లెక్క ఉంది. ఆరుబయటైతే 23 చదరపు మీటర్లు, కప్పు ఉన్న నేల అంతస్తులో 28, బేస్‌మెంట్‌లో 32. ఆ 28ని అడుగుల్లోకి మార్చండి. దాదాపు 300 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో టిడ్కో ఇళ్లు మూడు రకాలుగా కట్టారు: 300, 365, 430 చదరపు అడుగులు. అంటే పేద కుటుంబానికి ప్రభుత్వం ఇచ్చిన అతి చిన్న ఇల్లూ, స్టిల్ట్‌లో ఒక కారుకు ఆ లెక్కన పట్టే జాగా సుమారుగా సమానం. కారు ఆ జాగాలో పగలంతా ఉండనైనా ఉండదు.

దీనికి తోడు ఒక వింత. స్టిల్ట్ పార్కింగ్ అనేది అపార్ట్‌మెంట్‌వాళ్లందరి ఉమ్మడి ఆస్తి, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోవడానికి లేదు అని సుప్రీంకోర్టు 2010లోనే, ముంబయికి చెందిన నహల్‌చంద్ కేసులో తేల్చింది. అయినా ధరల పట్టీలో 'కార్ పార్కింగ్‌కు ఇంత' అన్న వరస చూడని కొనుగోలుదారు ఎవరైనా ఉన్నారా?

సరే, డబ్బు సంగతి అలా ఉంచి వీధి సంగతి చూద్దాం. హైదరాబాదు పాతబస్తీలో పత్తర్‌గట్టి వైపు వెళ్లినవాళ్లకు ఆ రాతి కమానుల వరస గుర్తుండే ఉంటుంది. 1908 మూసీ వరదల తరవాత నగరాన్ని చక్కదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టి ఆ బోర్డు చేతి పనే. కింద కొట్లు, కొట్ల ముందు నీడగా కమానులు, ఆ నీడలో జనం నడక, పైన అంతస్తు. ఎండకూ వానకూ వెరవకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడవొచ్చు. విజయవాడ వన్‌టౌన్‌లోనూ, రాజమహేంద్రవరం పాత బజార్లలోనూ రాతి కమానులు లేకపోవచ్చు గానీ పద్ధతి అదే: కింద కొట్టు, పైన కాపురం. నేల అంతస్తు వీధితో మాట్లాడుతుండేది. స్టిల్ట్ వచ్చాక వీధికీ ఇంటికీ మధ్య ఒక చీకటి అర పడింది. మందులషాపు, టైలరు, జిరాక్సు, టిఫిను సెంటరు అన్నీ మెయిన్‌రోడ్డుకు తరలిపోయాయి. అక్కడికి ఎండలో అర కిలోమీటరు నడవడం ఎందుకని బండి తీస్తాం. బండ్లు పెరిగాయి కాబట్టి పార్కింగ్ ఇంకా కావాలంటాం. నియమం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే పుట్టించుకుంటుంది!

మధ్యలో ఒక మాట. గోడలు లేకుండా వట్టి స్తంభాల మీద నిలబడే అంతస్తు భూకంపానికి బలహీనమైన చోటు. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూమి కంపించినప్పుడు, రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి కింద ఇలాంటి పార్కింగ్ అంతస్తే ఉంది. లెక్కగా డిజైను చేస్తే ప్రమాదం తగ్గించవచ్చు. లెక్కగా ఎందరు చేస్తున్నారన్నది వేరే ప్రసంగం.

ఈ పార్కింగ్ నియమం ఎక్కడ పుట్టిందీ అంటే, అమెరికాలో. అపార్ట్‌మెంట్ కట్టేవాడు పార్కింగ్ కూడా కట్టి తీరాలని ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరం 1923లో అంది. అదే రాష్ట్రంలోని యూక్లిడ్ అనే చిన్న ఊరి కేసులో 1926లో అమెరికా సుప్రీంకోర్టు జోనింగ్‌కు రాజ్యాంగ ముద్ర వేసింది. ఇళ్లు ఒకచోట, కొట్లు ఒకచోట, కార్ఖానాలు ఇంకోచోట ఉండాలని ఊరు శాసించవచ్చని చెప్పింది. విడి ఇళ్ల మధ్య లేచే అపార్ట్‌మెంట్‌ను ఆ తీర్పు పరాన్నజీవితో పోల్చింది కూడా. తరవాతి కథ మన తెలుగువాళ్లలో చాలామందికి సొంత అనుభవమే. డాలస్ చుట్టూ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో పిల్లల ఇళ్లకు వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వచ్చిన తల్లిదండ్రులను అడగండి. ఇల్లు ఇంద్రభవనం, గడప దాటితే పెరుగు ప్యాకెట్టుకైనా ఎవరో ఒకరు కారు తీయాలి. అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి గడ్డి చూస్తూ కూర్చోవాలి. ఆ దూరం అక్కడి భూమి స్వభావం కాదు, చట్టంతో గీసిన దూరం.

ఆ చట్టాన్ని వాళ్లే ఇప్పుడు విప్పుకుంటున్నారు. హ్యూస్టన్ నగరం 1998లో తన నడిబొడ్డు ప్రాంతంలో ఇంటి స్థలం కనీస పరిమాణాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400 దాకా దించింది. ఒక పాత ఇంటి స్థలంలో మూడేసి సన్నటి ఇళ్లు లేచాయి. 2013లో ఆ సడలింపు నగరమంతటికీ విస్తరించింది. 2025లో టెక్సస్ చట్టసభ ఇంకో అడుగు వేసింది. పెద్ద నగరాల్లో ఐదెకరాలు, ఆపైన వేసే కొత్త లేఅవుట్లలో, ఇంటి స్థలం 3,000 చదరపు అడుగులకు మించి ఉండి తీరాలని నగరపాలక సంస్థ పట్టుబట్టకూడదంది. పార్కింగ్ సంగతికొస్తే, లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ షూప్ 2005లో ఏడు వందల పేజీల పైచిలుకు గ్రంథం రాసి, ఉచిత పార్కింగ్ అనేది లోకంలో లేదనీ, దాని ఖరీదు ఇంటద్దెలోనూ సరుకుల ధరలోనూ దాక్కుంటుందనీ విప్పి చూపించాడు. పార్కింగ్ మీద అంత పుస్తకమా అని నవ్వినవాళ్లున్నారు. 2017లో బఫలో, 2023లో ఆస్టిన్ నిర్బంధ పార్కింగ్‌ను నగరమంతటా ఎత్తేశాయి. న్యూజిలాండ్ 2020లో దేశంలోని పెద్ద పట్టణాలకు అదే చెప్పింది.

మన దగ్గర వ్యాధి కొంచెం వేరు. నివాస ప్రాంతంలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకోవడానికి మన జోనింగ్‌లో చోటుంది. యూక్లిడ్ పద్ధతి మనకు పూర్తిగా అంటలేదు. అంతస్తుల మీద పిసినారితనమూ హైదరాబాదుకు లేదు. ముంబయి దశాబ్దాల పాటు స్థలానికి 1.33 రెట్లకు మించి కట్టవద్దని గిరి గీసుకు కూర్చుంటే, మన ఉమ్మడి ప్రభుత్వం 2006 మార్చిలో జీవో 86తో ఆ ఎఫ్‌ఎస్‌ఐ గిరినే చెరిపేసింది. ఎత్తును రోడ్డు వెడల్పుకూ, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్‌కూ ముడిపెట్టింది. దేశంలో ఇంత ధైర్యం చేసిన మహానగరం అరుదు. మరి నడిచే ఊరు వచ్చిందా, చవక ఇల్లు వచ్చిందా?

కోకాపేటకు వెళ్లి చూడండి. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. గజం రెండు లక్షల పైమాట. అక్కడ నలభై, యాభై అంతస్తుల టవర్లు లేస్తున్నాయి. 2012 నియమాల ప్రకారం యాభై మీటర్లు దాటిన భవనానికి ముందు 30 మీటర్ల రోడ్డు ఉండాలి, చుట్టూ 16 మీటర్లు ఖాళీ వదలాలి, ఎత్తు పెరిగేకొద్దీ ఆ ఖాళీ ఇంకా పెరగాలి. ఫైరింజను తిరగడానికి ఖాళీ కావాల్సిందే, దాంతో నాకు పేచీ లేదు. కానీ ఆ ఖాళీ చుట్టూ ప్రహరీ గోడ, గోడకు ఒకటే గేటు, గేటు దాటి పోతే కింద అంతస్తుల కొద్దీ కార్లు. ఎదురు టవర్లో ఉన్న స్నేహితుడి ఇంటికి వెళ్లడానికి వంద అడుగుల రోడ్డు దాటాలి, సిగ్నల్ ఉంటే ఉన్నట్టు. ఎత్తు పెంచితే చాలు, జనం దగ్గరకు చేరి నడుస్తారనుకున్నాం. దగ్గరకు చేరింది నిలువునా మాత్రమే. పెద్ద రోడ్డు, పెద్ద స్థలం ఉన్నవాడికే ఎత్తు దక్కే నియమం పెట్టాం కాబట్టి లాభమంతా నగరం అంచుల్లోని పెద్ద కమతాలకు పోయింది. నల్లకుంటలోనో చిక్కడపల్లిలోనో ఇరుకు సందులో 150 గజాలున్నవాడు సెట్‌బ్యాకులకూ పార్కింగ్‌కూ పోగా ఏం కడతాడు? ప్లాను మీరి డీవియేషన్ కడతాడు. ఆ తరవాత క్రమబద్ధీకరణ పథకం కోసం ఎదురుచూస్తాడు. నియమం వాస్తవం నుంచి ఎంత దూరంగా ఉందో తెలుసుకోవాలంటే ఎన్నిసార్లు క్రమబద్ధీకరించాల్సి వచ్చిందో చూస్తే చాలు.

చవక ఇళ్లు ప్రభుత్వం కట్టలేదా అంటే, కట్టింది. 2023 జూన్‌లో హైదరాబాదు శివారు కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభమయ్యాయి. లబ్ధిదారుడు పైసా కట్టనక్కర్లేదు. ఇల్లు బాగుంది, లిఫ్టు ఉంది. కాకపోతే అది ఔటర్ రింగ్ రోడ్డు దాపున ఉంది. మన అపార్ట్‌మెంట్లు ఎవరి మీద నడుస్తున్నాయో ఆలోచించండి. పొద్దున్నే వచ్చే పనమ్మాయి, వంటామె, ఇస్త్రీ అతను, పేపరు కుర్రాడు, పూలమ్మే అవ్వ. వీళ్లంతా పక్క బస్తీ నుంచి నడిచి వచ్చేవాళ్లు. నాలుగిళ్లలో పని చేసుకునే మనిషికి నడక దూరంలో ఉండడమే ఉద్యోగం. ఆమెకు ఇరవై, ముప్పై కిలోమీటర్ల అవతల ఉచితంగా ఇల్లిస్తే, అద్దె మిగులుతుంది గానీ పని పోతుంది. చాలా ఊళ్లలో టిడ్కో ఇళ్లకూ ఇదే చిక్కు, ఊరి చివర చవక భూమి చూసి కట్టారు. చవక ఇల్లు అనే మాటకు దూరం ఖర్చు కలపకుండా అర్థం చెప్పకూడదని నేనంటాను.

కాబట్టి చవక ఇల్లు నడిబొడ్డునే పుట్టాలి, చిన్న స్థలాల్లో పుట్టాలి. ఇందులో తెలంగాణ 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ఒక మంచి పని చేసింది. 75 గజాల లోపు స్థలంలో నేల అంతస్తు, పైన ఇంకో అంతస్తు వరకూ ఇల్లు కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలు. 75 గజాలంటే 675 చదరపు అడుగులు. హ్యూస్టన్ గొప్పగా చెప్పుకునే 1,400లో సగం కూడా లేదు! అంత చిన్న స్థలంలో మనవాడు తరతరాలుగా కాపురం చేస్తున్నాడని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఈ ఔదార్యాన్ని ఇంకొంచెం పైకి, 100, 150, 200 గజాల దాకా జరపాలి. ఆ స్థలాల్లో కారు పార్కింగ్ నిర్బంధం తీసేయాలి. నేల అంతస్తులో ఒక ఇల్లో, రెండు షటర్లో వేసుకోనివ్వాలి. మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఉన్న చోట్ల ఎంత పెద్ద భవనానికైనా అదే వర్తింపజేయాలి. 2017లో హైదరాబాదు మెట్రో మొదలైంది, 2020 నాటికి 69 కిలోమీటర్లయింది. స్టేషన్ పక్కనే కట్టే భవనం చేత కూడా అంతస్తుల కొద్దీ కార్లకు చోటు కట్టిస్తే, మెట్రోకు మనమే పోటీ కడుతున్నట్టు.

'మరి కార్లన్నీ వీధిలో పెడతారు కదండీ' అంటారు. న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు మాత్రం పెట్టడం లేదా అని ఎదురు అడగను. జపాన్ సంగతి చెబుతాను. అక్కడ 1962లో ఒక చట్టం వచ్చింది. కారు కొనేవాడు తన ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు కారు నిలిపే చోటు ఉందని పోలీసుల దగ్గర ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అద్దెకైనా సరే, చోటు చూపించాలి. రాత్రంతా వీధిలో కారు వదిలేస్తే కుదరదు. అంటే చోటు చూపే బాధ్యత ఇల్లు కట్టేవాడిది కాదు, కారు కొనేవాడిది. టోక్యోలో చిన్న భవనాలకు పార్కింగ్ కట్టే బాధ్యత లేదు. అంతేకాదు, అక్కడి అతి కఠినమైన నివాస మండలంలో కూడా ఇంట్లో సగానికి మించకుండా, 50 చదరపు మీటర్ల లోపు కొట్టు పెట్టుకోవచ్చు. సన్నటి సందు, సందులో కొట్టు, కొట్టు పైన ఇల్లు. మనకు అలవాటైన దృశ్యమే. వాళ్లు దాన్ని చట్టంలో రాసుకున్నారు, మనం చట్టం బయట ఉంచి అప్పుడప్పుడు జరిమానా వేస్తున్నాం.

వీధిలో కార్లు తగ్గితే ఏమవుతుందో చూడాలంటే చెన్నై పాండీబజార్ దగ్గరే ఉంది. ఒకప్పుడు తెలుగు సినిమా మనుషుల సాయంత్రాలన్నీ తిరిగిన వీధి అది. ఆ పేట టి.నగర్‌కు పేరు త్యాగరాయ చెట్టిది, అందులోని పార్కుకు పేరు పానగల్ రాజాది, ఇద్దరూ మనవాళ్లే. 2019లో ఆ రోడ్డు పక్కన కార్లు నిలిపే జాగాను తీసి వెడల్పాటి కాలిబాట చేశారు, ఆ తరవాత కార్లకు దగ్గరలో మల్టీలెవల్ పార్కింగ్ చూపించారు. కాలిబాట కనీసం 1.8 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏనాడో రాసి పెట్టింది. 2025 మేలో సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని కాలిబాట రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద పౌరుడి హక్కు అని కూడా అంది. ట్రాన్స్‌ఫార్మరు, మెట్లు, జనరేటరు, బైకులు పోగా మన కాలిబాటలో 1.8 మీటర్లు ఎక్కడ మిగిలిందో టేపు పట్టుకుని వెతకాలి.

ఇక మిగిలింది ఇప్పటికే కట్టేసిన వేలకు వేల స్టిల్ట్‌ల సంగతి. వాటిలో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఒక మూల వాచ్‌మన్ భార్య ఇస్త్రీ బల్ల వేసుకుంటుంది. ఇంకో మూల ఎవరో కుట్టుమిషన్ పెట్టుకుంటారు. ఖాళీగా ఉన్న కారు చోట్లో సాయంత్రం పిల్లలకు ట్యూషన్ జరుగుతుంది. నియమం దృష్టిలో ఇవన్నీ పార్కింగ్ దుర్వినియోగమే. అసోసియేషన్‌లో ఎవరికైనా కోపం వచ్చి ఫిర్యాదు రాస్తే నోటీసు వస్తుంది. నేనైతే ఇలా చేయమంటాను. వీధివైపు ఉన్న ఒకటి రెండు కారు చోట్లను, అసోసియేషన్ సర్వసభ్య సమావేశం ఒప్పుకుంటే, చిన్న కొట్టుకో పనిచోటుకో చట్టబద్ధంగా మార్చుకోనివ్వాలి. స్తంభాలు తాకకూడదు, ఇంజనీరు సంతకం ఉండాలి, ఫైరింజను దారి మూయకూడదు. కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీలో విడిగా పెట్టాలి. అద్దె అసోసియేషన్ ఖాతాలో పడాలి, దాంతో మెయింటెనెన్స్ కొంత తగ్గుతుంది. మొదటి హక్కు ఆ మూల ఇప్పటికే ఇస్త్రీ బల్ల వేసుకున్న మనిషికి ఇవ్వాలి. ఆస్తిపన్ను ఎలా వేయాలన్నది మునిసిపల్ రెవెన్యూ విభాగంవాళ్లు తేల్చాలి. అందాకా ఏడాదికి ఒక నామమాత్రపు ఫీజు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.